సున్నా కూడా టికెట్టే

ఇరవై ఏడేళ్ల కండక్టరు ఉద్యోగంలో నేను చెకింగ్ వాళ్లకు ఒక్కసారి కూడా దొరకలేదు. ఈ మాట చెప్పుకోవడం నాకు మహా ఇష్టం. పెళ్లిళ్లలో చెప్తాను, పరామర్శకు వెళ్లిన చోటా చెప్తాను, ఎవరూ అడగకపోయినా చాయ్ హోటల్లో పక్క బల్ల వాళ్లకు కూడా చెప్తాను. అయితే ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. నేను ఒక్కసారి దొరికాను. బస్సులో కాదు, మా వంటింట్లో. పట్టుకున్నది చెకింగ్ ఇన్‌స్పెక్టరు కాదు, మా ఇంటామె.

ముందు ఆమె గురించి చెప్పాలి. ఆమె అంగన్‌వాడీ టీచరు. సిద్దిపేటలో మేముండే గల్లీకి రెండు గల్లీల అవతల ఆమె కేంద్రం. పదహారేళ్లుగా ఆ చుట్టుపక్కల పిల్లలకు గుడ్లు ఉడకబెట్టి పెడుతూ, పాటలు పాడిస్తూ, నెలనెలా బరువులు తూస్తూ ఉంది. నాకు ముక్కు మీద కోపం, వచ్చినంత తొందరగా పోతుంది. ఆమెకు కోపం రావడమే తక్కువ. వస్తే మాత్రం కిరాయికి దిగినట్టు ఇంట్లోనే ఉండిపోతుంది.

ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితమైన కొత్తలో ఆమె ఒకరోజు గజ్వేల్‌లో మీటింగ్ ఉందని నా బస్సే ఎక్కింది. ఉచితమైనా టికెట్ ఇవ్వాల్సిందే. ఆధార్ కార్డు చూసి, సున్నా అని అచ్చయ్యే టికెట్ ఒకటి మిషన్‌లో కొట్టి చేతికివ్వాలి. దాన్ని మేం జీరో టికెట్ అంటాం. వరుసగా అందరినీ అడుగుతూ ఆమె దగ్గరికి వచ్చాను.

"కార్డు," అన్నాను.

"ఏం కార్డు?"

"ఆధార్ కార్డు."

బస్సులో ఉన్న ఆడవాళ్లంతా తలలు తిప్పారు. సగం మందికి మేము మొగుడూ పెళ్లాలమని తెలుసు.

"పొద్దుగాల నేను పోసిన చాయ్ తాగి వచ్చినవ్. గింతలనే నేనెవరో మర్సిపోయినవా?" అన్నది.

"రూలంటె రూలే. బస్సుల మనిషి ఉన్నదంటె టికెట్ ఉండాలె. సున్నాదైనా సరే, ఉండాలె. లేకుంటె నాకు మెమో వస్తది."

ఆమె కార్డు తీసి చూపించింది. టికెట్ తీసుకుని నాలుగు మడతలు పెట్టి పర్సులో పెట్టుకుంది. బస్సంతా విరగబడి నవ్వింది. ఆ తర్వాత నాలుగు రోజులు మా ఇంట్లో పచ్చిపులుసే, ఏ కూరా పొయ్యి ఎక్కలేదు.

ఇదంతా నేను బాగున్న రోజుల సంగతి.

నేను ఎప్పుడు బాగుండటం మానేశానో నాకు తెలియదు. ఇంట్లో చావు లేదు, గొడవ లేదు. మొదట నిద్ర తగ్గింది. తర్వాత తిండి రుచి పోయింది. ఆమె సర్వపిండి చేసి పెడితే అట్టముక్క నమిలినట్టు నమిలేవాణ్ణి. బస్సులో ఎవరితోనూ పోట్లాడటం కూడా మానేశాను. డిపోలో అందరూ నేను మారిపోయానని మెచ్చుకున్నారు. మా ఇంటామె ఒక్కతే భయపడింది. పోట్లాడకుండా ఇంటికొచ్చే కండక్టరు ఆమె కాపురంలో ఎన్నడూ లేడు.

ఒకరోజు మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో మా బస్సు మర్కూక్‌లో ఆగింది. దిగేవాళ్లు దిగారు, ఎక్కేవాళ్లు ఎక్కారు. ఇక నేను "రైట్" అనాలి. అప్పుడే డ్రైవరు బండి కదిలిస్తాడు. రోజుకు కొన్ని వందల సార్లు అనే మాట అది. నోరు తెరిచాను. మాట రాలేదు. మళ్లీ తెరిచాను. గొంతు నొప్పి లేదు, దగ్గు లేదు. ఆ ఒక్క మాట అనడానికి కావలసిన బలమేదో నాలో అయిపోయింది. మిషన్ ఒళ్లో పెట్టుకుని సీట్లో కూలబడ్డాను. వెనక నుంచి "అన్నా, రైట్ చెప్పరాదే!" అని అరుపులు. ముందు కూర్చున్న ఒక ముసలమ్మ నా మొహం చూసి అరవడం ఆపేసింది. అప్పుడు తెలిసింది, నేను ఏడుస్తున్నానని.

మా డ్రైవరు ఇంజను ఆపి దిగి వచ్చాడు. పన్నెండేళ్లుగా మా ఇద్దరిదీ ఒకే బస్సు. భార్యతో ఉర్దూ, నాతో తెలుగు మాట్లాడతాడు. ఇంజను మొరాయిస్తే దానితో రెండూ మాట్లాడతాడు. అతను నన్నేమీ అడగలేదు. మిషన్ నా ఒళ్లోంచి తీసి సంచిలో పెట్టాడు.

"భాయ్, లే. ముందట నా పక్కన కూసో," అన్నాడు.

డిపోకి ఫోన్ చేసి ఇంకో కండక్టరును గజ్వేల్‌కు పంపించమన్నాడు. అక్కడి దాకా తన "రైట్" తనే చెప్పుకుంటూ నడిపాడు. సిద్దిపేట చేరాక నన్ను ఇంటి దాకా దిగబెట్టి, గుమ్మంలో మా ఇంటామెతో మెల్లగా చెప్పాడు. "చెల్లె, భాయ్‌ది శరీరం కాదు, మనసు అలసిపోయింది. మా బావమర్దికి గిట్లనే అయితే దవాఖానకు తోల్కపోయినం. నువ్వు గూడ తోల్కపో."

నేను ససేమిరా అన్నాను. పిచ్చివాళ్లు పోయే గదికి నేనెందుకు పోతాను అని అరిచాను. చాలా రోజుల తర్వాత అరిచాను కదా, ఆమె సంతోషపడినట్టే కనిపించింది. కానీ వినలేదు. మర్నాడు కేంద్రానికి సెలవు పెట్టి, ఆటో మాట్లాడి, నన్ను దవాఖానకు తీసుకుపోయింది.

కండక్టరు అన్నవాడు ఊళ్లో ఎక్కడా దాక్కోలేడు. మనసు డాక్టరు గది ముందు బెంచీ మీద రుమాలు కప్పుకుని తల దించుకుని కూర్చున్నాను. అయినా ఇద్దరు గుర్తుపట్టారు. కొండపాక నుంచి వచ్చిన ఒకామె ఏకంగా ఎదురుగా నిలబడి, "కండక్టర్ సారూ, గీడ కూసున్నవేంది?" అని గట్టిగా అడిగింది. మోకాళ్ల నొప్పులని చెప్పాను. "గట్లయితె మోకాళ్ల డాక్టర్ గాడ ఉంటడు," అని ఆమె నన్ను చెయ్యి పట్టి లేపబోయింది. మా ఇంటామె అడ్డుపడి, "మోకాళ్లు తర్వాత చూపిస్తం అక్కా, ముందు గిది," అని ఆమెను పంపించింది. నా అబద్ధాన్ని నా ఎదుటే ఆమె అంత నెమ్మదిగా సర్దడం అదే మొదటిసారి, చివరిసారి.

డాక్టరమ్మకు మా అక్క కూతురి వయసు ఉంటుంది. తొందరపెట్టకుండా అన్నీ అడిగింది. ఇది డిప్రెషన్ అనే జబ్బనీ, దీనికి మందులున్నాయనీ, కొన్ని నెలలు పడుతుందనీ చెప్పింది. తర్వాత సొరుగు లోంచి ఒక కాగితం తీసింది.

"మందు ఎంత పనిచేస్తుందో నాకు తెలియాలె కద సార్. అందుకు ఇది. ఫోన్‌లో కూడా ఉంటది. ఏది కావాలె?"

"కాగితమే ఇయ్యమ్మా," అన్నాను. నా సర్వీసులో సగం కాగితం మీదే నడిచింది.

నెలలో ఒక్కో రోజుకు ఒక్కో నిలువు గడి. పక్కన కింద నుంచి పైకి సున్నా నుంచి పది దాకా అంకెలు. రోజూ సాయంత్రం ఆ రోజు మనసు ఎలా ఉందో చూసుకుని ఒక చుక్క పెట్టాలి. సున్నా అంటే అస్సలు బాగాలేదు, పది అంటే చాలా బాగుంది. చుక్కలన్నీ కలిపితే గీత వస్తుంది. దాని కింద ఆ రోజు చేసిన ఒక పని రాయడానికి జాగా.

"చిన్న పనైనా సరే రాయండి. అందంగ రాయాల్సిన పని లేదు. నిజం రాస్తే చాలు," అన్నది డాక్టరమ్మ.

కాగితాన్ని మా ఇంటామె ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో అంటించింది. మొదటి రోజు రెండు దగ్గర చుక్క పెట్టాను. పని: చెత్త బండికి చెత్త ఇచ్చాను. తడి చెత్త, పొడి చెత్త వేరు చేసింది ఆమె. నేను బుట్టలు అందించాను, అంతే. అయినా అది నా పేరు మీదే రాసుకోమన్నది.

ఇప్పుడు నా దొంగతనం సంగతికి వస్తాను.

మిషన్లు రాకముందు మా చేతిలో టికెట్ల కట్టలుండేవి. ప్రతి టికెట్ మీదా ఒక నంబరు. దారిలో బస్సు ఆగే స్టేజీ వచ్చినప్పుడల్లా, అప్పటికి కట్ట మీద ఏ నంబరు ఉందో ఒక పొడుగు కాగితం మీద రాయాలి. టికెట్లు తెగితే నంబరు పెరుగుతుంది. ఎవరూ ఎక్కకపోతే వెనకటి నంబరే మళ్లీ రాస్తాం. అంతేగాని నంబరు తగ్గడం అనేది ఉండదు. దుద్దెడలో ఉన్న నంబరు కంటే కుకునూర్‌పల్లిలో తక్కువ నంబరు రాశానంటే నేను తాగి ఉన్నట్టు, లేదా దొంగనైనట్టు. చెకింగ్ వాళ్లు బస్సెక్కగానే చూసేది ఆ కాగితమే. ఏళ్ల తరబడి ఆ భయంతో రాసి రాసి నా చేతికి వెనక్కి వెళ్లడం అనేదే తెలియకుండా పోయింది.

ఫ్రిజ్ మీది కాగితం దగ్గరా నా చెయ్యి అదే పని చేసింది. రెండు రోజులు రెండు. మూడో రోజు స్నానం చేసి కాస్త తేలిగ్గా అనిపిస్తే మూడు. నాలుగో రోజు పడక మీంచి లేవలేకపోయాను. సాయంత్రం పెన్సిల్ పట్టుకుని నిలబడ్డాను. మూడు రాశాక రెండు ఎలా రాస్తాను? మళ్లీ మూడే పెట్టాను. టికెట్ తెగని స్టేజీ అనుకున్నాను. అబద్ధం ఆడుతున్నానని నాకు తోచనేలేదు. నిజం చెప్పొద్దూ, కొన్నాళ్లకు తోచింది. కానీ అప్పటికి గీత ఎంతో ముచ్చటగా పైకి పోతుంటే దాన్ని పాడుచెయ్యాలనిపించలేదు. రెండో నెల చివరికి ఏడుకు చేరుకున్నాను.

డాక్టరమ్మ చూసి చాలా సంతోషపడింది. "వచ్చే నెల కూడా ఇట్లనే ఉంటె ఒక గోలీ తగ్గిద్దాం. డ్యూటీకి పోవచ్చని కాగితం కూడా రాసిస్త," అన్నది. నేను తలూపాను. దవాఖాన మెట్లు దిగుతూ లెక్క వేసుకున్నాను. తిన్నది ఒంటబట్టడం లేదు, పొద్దున లేవాలంటే భయం, మర్కూక్ పేరు వింటే చెవులు మూసుకుంటున్నాను. నెల రోజుల్లో మందు తగ్గుతుంది, ఎనభై మంది ఉన్న బస్సులో నేను మళ్లీ నిలబడాలి. దీన్ని ఆపగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. నేనేమో ఇంటికి వచ్చి కొత్త కాగితం అంటించి, ఏడు దగ్గర చుక్క పెట్టాను.

తర్వాత వారం, ఆదివారం మధ్యాహ్నం. మా ఇంటామె వంటింట్లో కింద చాప వేసుకుని పిల్లల బరువుల చార్టులు ముందేసుకుంది. ఫోన్‌లో ఎక్కించే ముందు కాగితం మీద చూసుకోవడం ఆమె అలవాటు. అందులోనూ గీతలే. ఆకుపచ్చ పట్టీలో ఉంటే పిల్ల బాగున్నట్టు, పసుపులో ఉంటే జాగ్రత్త పడాలి, ఎర్రలో పడితే ప్రమాదం. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆమె నీళ్ల సీసా కోసం లేచి ఫ్రిజ్ ముందు నిలబడింది. తలుపు తెరవలేదు.

"గిదేంది?" అన్నది.

"ఏది?"

"గీ గీత. పోయిన రెండు నెలల కాయితాలు యాడున్నయ్? ఇటు తే."

తెచ్చి ఇచ్చాను. మూడూ పక్కపక్కన పరిచి, వాటి పక్కన తన పిల్లల చార్టులు పెట్టింది. కాసేపు ఇటూ అటూ చూసింది.

"పదహారేండ్ల సంది పిల్లల బరువులు తూస్తున్న. ఒక్క పిల్ల గీత గూడ గిట్ల మెట్లెక్కినట్టు పోలే. జరమొస్తె తగ్గుతది, పాలపండ్లొస్తె తగ్గుతది, అమ్మమ్మ ఇంటికి వోయొస్తె పెరుగుతది. నీదేంది, ఒక్కనాడు గూడ కిందికి దిగలే?"

నాకు ఒళ్లు మండింది. "ఏందీ, దొంగ లెక్క రాసిన అంటున్నవా? ఇరవై ఏడేండ్ల సర్వీసుల ఒక్క మెమో లేదు నాకు!"

"సర్వీసు సంగతి పక్కకు వెట్టు. పోయిన ఆదివారం అన్నం గిన్నె ముందట గంటసేపు కూసున్నవ్. ఒక్క ముద్ద ముట్టలే. గాడ ఏడు రాసినవ్."

"అంతకు ముందు రోజు ఏడుండె. ఏడున్నంక వెనక్కి ఎట్ల పోతది?"

"ఎందుకు పోదు?"

"నంబర్ వెనక్కి పోతదా ఎక్కడన్న? చెకింగ్‌ల దొరికిపోతం!"

ఆమె నా మొహం చూసింది. ఏమర్థమైందో ఏమో, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కూర్చున్నచోటే ఊగిపోతూ నవ్వింది. కళ్ల వెంట నీళ్లు కారాయి. ఆ ఇంట్లో నవ్వు వినబడి నెలలైంది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

కళ్లు తుడుచుకుని ఒక చార్టు తీసి నా ముందు పెట్టింది. గీత ఒకచోట జారి ఎర్రలోకి పడి, మళ్లీ మెల్లగా పైకి వచ్చింది.

"గీ పిల్లకు పోయినేడాది విరేచనాలు వట్టినయ్. బరువు తగ్గింది. తల్లి నా కాళ్లు వట్టుకుంది, తగ్గిందని రాయకు టీచరమ్మా, మా అత్త నన్ను తిడ్తది అని. నేను రాసిన. ఎర్రల వడ్డదని రాస్తెనే కద ఆ పిల్లకు ఇంకో గుడ్డు ఎక్కువ వెట్టేది, దవాఖానకు తోలేది? మంచిగనే ఉన్నదని ఆకుపచ్చల వెడ్తే గుడ్డు ఎవరిస్తరు? నీ డాక్టరమ్మకు నువ్వు గదే చేస్తున్నవ్. ఆకుపచ్చల వెట్టి మందు తగ్గించుకుంటున్నవ్."

ఇన్నాళ్లూ లోపల ఉన్న అసలు మాట బయటికి వచ్చింది.

"తగ్గిందని రాయాలంటె మొత్తం తగ్గించాలె. కొన్ని రోజులు సున్నా ఉన్నయి. సున్నా ఎట్ల రాయాలె? సున్నా అంటె మనిషి లేనట్టే కద."

ఆమె నవ్వు పోయింది. లేచి లోపలికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి చేతిలో పర్సు. లోపలి అరలో వెతికి, నాలుగు మడతల కాగితం ముక్క ఒకటి తీసింది. మడతలు విప్పితే తెల్లగా వెలిసిపోయిన టికెట్. అక్షరాలు దాదాపు పోయాయి. గజ్వేల్ మీటింగ్ రోజు నేను కొట్టిచ్చిన జీరో టికెట్ అది.

"గా రోజు నాకు ఏం టికెట్ ఇచ్చినవ్?" అన్నది.

"జీరో."

"మరి నేను బస్సుల లేనా?"

నేను టికెట్ చేతిలోకి తీసుకున్నాను.

"మనిషి ఉన్నదంటె టికెట్ ఉండాలె, సున్నాదైనా సరే అన్నది ఎవరు? బస్సంత వినేటట్టు నా పరువు తీసినవ్. ఊర్ల ఆడోళ్లందరికి రోజు సున్నాలు కొట్టిస్తవ్, ఒక్కదాన్ని గూడ ఇడిసిపెట్టవ్. నీ ఒక్కనికి నువ్వు కొట్టుకోవా?"

అప్పుడు ఏడ్చాను. మర్కూక్‌లో ఏడ్చినట్టు కాదు, ఇది వేరే. ఆమె పక్కన కూర్చుంది. ఓదార్పు మాటలు చెప్పలేదు. చార్టులకు వాడే పెన్సిల్ తీసి, మూడు కాగితాలూ ముందుకు లాక్కుంది.

"పాతవి కొట్టెయ్యకు. వాటి మీదనే నిజంది రాద్దాం. నేను చెప్తా, నువ్వు అవునో కాదో చెప్పు."

ఆ మధ్యాహ్నమంతా ఆమె చెప్తూ పోయింది. ప్రతి రోజూ ఆమెకు గుర్తుంది. "గీ రోజు గడ్డం గీసుకున్నవ్. నాలుగు వెయ్. గీ మంగళారం రెండు రొట్టెలు తిన్నవ్, మూడు. గీ శుక్రారం నీ డ్రైవర్ నమాజ్ అయినంక ప్లాస్క్‌ల చాయ్ తెచ్చిండు, ఆయనతోని జరంత మాట్లాడినవ్, అయిదు. మర్నాడు మల్ల దుప్పటి కప్పుకున్నవ్, ఒకటి." నేను రాసిన అందమైన మెట్ల కింద నిజమైన గీత ఒకటి లేస్తూ పడుతూ బయటపడింది. నేను ఫ్రిజ్ మీద రాస్తున్నన్ని రోజులూ ఆమె తన తలలో ఇంకో కాగితం రాస్తూ వచ్చింది. ఆ మనిషి మీద నాకు అంత ప్రేమ అంతకు ముందు ఎప్పుడు కలిగిందో నాకు గుర్తు లేదు.

రెండో నెలలో ఒక గురువారం దగ్గర ఆమె పెన్సిల్ ఆగింది.

"గీ రోజు నాకు సమజ్ గాలే. మంచిగనే తిన్నవ్, తానం చేసినవ్. కని నీ మొకం మంచిగ లేకుండె. ఎంత వెయ్యాలె?"

ఆ రోజు నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. "గా రోజు... రేపు లేవకున్నా మంచిదే అనిపించింది," అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఇంకో చేత్తో ఆ గడిలో సున్నా దగ్గర చుక్క పెట్టింది. గట్టిగా, కాగితం చిరిగేంత గట్టిగా పెట్టింది. "గిది మొదలు చెప్పాలె డాక్టరమ్మకు. రేపే పోదాం. నెల దాక ఆగేది లేదు," అన్నది. అన్నట్టే మర్నాడు పొద్దున్నే తీసుకుపోయింది.

డాక్టరమ్మ కాగితాలు బల్ల మీద పరుచుకుని, పై గీతనూ కింది గీతనూ చూసింది. ఆ గురువారం గురించి నన్ను చాలా అడిగింది. నేను అన్నీ చెప్పాను. గోలీ తగ్గించే మాట పోయింది, మందు మార్చింది. నెలకోసారి కాదు, వారానికోసారి రమ్మన్నది. అలాంటి ఆలోచన మళ్లీ వస్తే ఆ క్షణమే మా ఇంటామెతో చెప్తానని మాట తీసుకుంది. డాక్టరమ్మకు నా మీద కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"మీ మొదటి గీత చూసి నేను గెలిచిన అనుకున్న సార్. రెండోది చూస్తేనే నాకు పని దొరికింది," అన్నది.

అప్పటి నుంచి ప్రతి సాయంత్రం ఒక తంతు మొదలైంది. చాయ్ తాగాక మా ఇంటామె చీర కుచ్చిళ్లు సర్దుకుని ఫ్రిజ్ పక్కన నిలబడుతుంది.

"ఎంత?" అంటుంది.

నేను చెప్తాను. నమ్మకం కలగకపోతే నా కళ్లలోకి చూస్తుంది, మధ్యాహ్నం ఏం తిన్నానో అడుగుతుంది. ఇంత కఠినమైన చెకింగ్ నేను నా సర్వీసులో చూడలేదు. ఒకటి చెప్పిన రోజు నాకు సిగ్గుగా ఉండేది, ఆమెకు మాత్రం ఏమీ ఉండేది కాదు. ఒకటి దగ్గర చుక్క పెట్టేసి, "పద, కోమటిచెరువు దాక నడిచొద్దాం," అనేది. పనుల జాగాలో కొత్త కొత్తవి వచ్చి చేరాయి. ఉల్లిగడ్డలు ఎండబెట్టాను. పక్కింటి వాళ్ల గేటుకు నూనె వేశాను. ఒకరోజు కూరగాయల మార్కెట్లో బెండకాయల దగ్గర ఒకాయనతో పోట్లాడాను. అది రాయనా వద్దా అని అడిగితే, "అది మొదలు రాయి," అన్నది సంబరంగా.

మూడు, నాలుగు అవుతూ గీత మెల్లగా ఎత్తుకుంది. పడేది, మళ్లీ లేచేది. కొన్ని నెలల తర్వాత డిపో వాళ్లు బస్టాండులో విచారణ కిటికీ దగ్గర తేలిక పని ఇచ్చారు. మైకులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పాలి. వర్గల్ గుడికి పోయే బస్సు ఏదని ఒకే ఆయన అయిదుసార్లు అడిగితే మైకు ఆపకుండానే తిట్టాను. బస్టాండంతా విన్నది. ఆ సాయంత్రం నేను ఆరు చెప్పాను, మా ఇంటామె నా కళ్లు చూడకుండానే నమ్మింది.

ఆ తర్వాత డాక్టరమ్మ డ్యూటీకి పోవచ్చని రాసిచ్చింది. నా పాత రూటు, నా పాత డ్రైవరు. మొదటి రోజు పొద్దున బస్సు దగ్గరికి వెళ్తే అతను నా సీటు తుడిచి పెట్టాడు.

"ఆజా భాయ్. తొమ్మిది నెలల సంది వేరేటోళ్ల రైట్ నాకు నచ్చుతలేదు," అన్నాడు.

దుద్దెడ దాటింది, కుకునూర్‌పల్లి దాటింది, గజ్వేల్ దాటింది. చేతులు పని మరిచిపోలేదు. మర్కూక్ వచ్చింది. దిగేవాళ్లు దిగారు, ఎక్కేవాళ్లు ఎక్కారు. నోరు తెరిచాను. మాట రాలేదు. అద్దంలో డ్రైవరు కళ్లు నన్నే చూస్తున్నాయి. అతను హారన్ కొట్టలేదు, తొందరపెట్టలేదు. ఎవరో వెనక నుంచి విసుక్కున్నారు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. చాలాసేపటికి "రైట్" అన్నాను. ఎవరికీ వినబడనంత చిన్నగా అన్నాను. అతనికి వినబడింది. బస్సు కదిలింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఇల్లంతా యాలకుల వాసన. మా ఇంటామె సేమ్యా పాయసం చేసింది. డ్రైవరు భార్య కూడా డబ్బాలో మిఠాయి పంపింది. ఫ్రిజ్ మీద నిన్నటి చుక్క ఆరు దగ్గర ఉంది. ఆమె కొత్త చీర కట్టుకుని పెన్సిల్ పట్టుకుని నిలబడింది. మొహం వెలిగిపోతున్నది.

"ఎంత?" అన్నది.

ఆ మొహం చూస్తూ ఎనిమిది అనడం ఎంత తేలికో నాకు తెలుసు. తొమ్మిది అన్నా ఆ రోజుకు చెల్లిపోయేది.

"రెండు," అన్నాను.

పెన్సిల్ ఒక్క క్షణం ఆగింది. నా కళ్లలోకి చూసింది. తర్వాత ఆరు నుంచి రెండు దాకా నిటారుగా కిందికి గీత గీసింది. పాయసం గిన్నె మీద మూత పెట్టి పక్కకు జరిపింది. చిన్న గిన్నెలో నీళ్లు పోసి, పొయ్యి మీద ఒక గుడ్డు ఉడకేసింది. వేడి వేడి గుడ్డును చేతులు మార్చుకుంటూ ఒలిచి, ఉప్పు చల్లి, నా చేతిలో పెట్టింది.

"ఎర్రల వడ్డవ్. తిను," అన్నది.

తిన్నాను.